ఊదొద్దన్నారు

సోమవారం

డాక్టరమ్మ ఎక్కువ మాట్లాడొద్దంది. అందుకే రాస్తున్నాను. ఎక్కడో ఒకచోట కక్కకపోతే నేను ఉండలేను.

కింది దవడలో రెండు పక్కలా జ్ఞానదంతాలు తీసేసింది. తీయడమంటే ఊరికే లాగడం కాదు. చిగుళ్ళు కోసి, అడ్డంగా పడుకున్న పన్నును ముక్కలు చేసి, ఒక్కో ముక్కా బయటికి తెచ్చింది. నొప్పి తెలియలేదు కానీ చప్పుడు తెలిసింది. మేకులు కొట్టిన చెక్కపెట్టె మూతను నా తలలోపల కూర్చుని ఎవరో పెళ్ళగిస్తున్నట్టు. జ్ఞానం వచ్చే వయసులో వస్తాయని ఆ పేరు పెట్టారట. నాకు వచ్చిన జ్ఞానం ఒక్కటే. డాక్టరు "కొంచెం ఒత్తినట్టు ఉంటుందంతే" అంటే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకోవాలి.

తర్వాత జాగ్రత్తలు మొదలుపెట్టింది. ఉమ్మొద్దు. ఇవాళంతా పుక్కిలించొద్దు. స్ట్రాతో తాగొద్దు. వేడివి వద్దు, గట్టివి వద్దు, కారం వద్దు. "ముఖ్యంగా బుగ్గల్లో గాలి పట్టి ఊదడం లాంటివి అసలు చేయొద్దు."

ఊదడమే నా పని అని చెప్పాను. నోటినిండా దూది. అది "ఊహహే ఆ హహి" అని బయటికొచ్చింది. తోడొచ్చిన బావ తర్జుమా చేశాడు.

"గాజు ఊదుతుందండీ. లేబొరేటరీలకి గాజు సామాను చేసే వర్క్‌షాపులో."

"అయితే రెండు వారాలు సెలవు పెట్టించండి," అంది ఆవిడ, నాతో కాదు, బావతో. కుర్చీలో నోరు తెరుచుకుని పడున్నది మనిషి కాదన్నట్టు. "పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకట్టి మూతలా నిలబడుతుంది. ఊదినా, గట్టిగా పీల్చినా ఆ మూత ఊడొస్తుంది. ఊడితే అడుగున ఎముక బయటపడుతుంది. ఆ నొప్పి ముందు ఇవాళ్టిది నొప్పే కాదు."

బావ బుద్ధిగా తలూపాడు. నేను ఆవిడ వెనకాల గోడకున్న క్యాలెండర్ చూశాను. వర్క్‌షాపులో పెద్ద గాజు స్తంభం పని నెలాఖరున. రెండు వారాలు దానికి ముందే అయిపోతాయి.

సరిపోతుంది.

మంగళవారం

అద్దం చూసుకున్నాను. చూసుకోకుండా ఉండాల్సింది.

"రెండు బుగ్గల్లో రెండు బన్నులు పెట్టుకుని మింగడం మర్చిపోయినదానిలా ఉన్నావే," అంది అక్క. నవ్వితే కుట్లు లాగుతాయి. అది తెలిసే నవ్విస్తుంది, రాక్షసి.

అందరి ఇళ్ళకీ వెళ్ళి ఫ్రిజ్‌లు బాగుచేసే మా బావ ఇంట్లో ఫ్రిజ్ చల్లబడదు. ఐస్ పక్కింటి నుంచి వస్తోంది. తువ్వాల్లో చుట్టి చెంపకి ఆనించుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. అక్క జావ చల్లార్చి స్పూనుతో పోస్తుంది. నేను తాగగలనంటే వినదు. దాని పిల్లలు చెయ్యి దాటిపోయారు, ఇప్పుడు నేను దొరికాను.

ఈపాటికి నా స్టూలు మీద బెలూన్ కూర్చుని ఉంటాడు.

బెలూన్ మా పెద్దాయన మేనల్లుడు. వర్క్‌షాపు మామది కాబట్టి వాడికి ఏ స్టూలైనా ఖాళీయే. ఊదేటప్పుడు బుగ్గలు పొంగిస్తాడని ఆ పేరు నేనే పెట్టాను. బుగ్గలతో కాదురా, నాలుక వెనక కొంచెం గాలి దాచుకుని దాన్నే పిసరంత వదలాలి అని ఎంత మొత్తుకున్నా ఎక్కదు. నాకు మాత్రం ఎవరు చెప్పారు? నేను అక్కడ నేల ఊడ్చడానికి చేరాను. పగిలిన గొట్టాలు ఏరుకుని, అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు మంట వెలిగించి, గాజుతో పాటు వేళ్ళూ కాల్చుకుని నేర్చుకున్నాను.

చిన్న సామాను ఎవరిది వాళ్ళే ఊదుకుంటారు. పెద్దవాటికి ఇద్దరు కావాలి. ఒకరు మంట దగ్గర రెండు చేతులా గాజును తిప్పుతుంటారు. రెండోవాళ్ళు ఎదురుగా స్టూలు మీద కూర్చుని, గాజు చివర తగిలించిన సన్నటి రబ్బరు గొట్టాన్ని పెదవుల మధ్య పట్టుకుంటారు. గాజు మెత్తబడ్డప్పుడు మంట దగ్గరి మనిషి చెప్తాడు, ఊదు. సరిపోగానే చెప్తాడు, చాలు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో. నాకు తెలియనిదా? చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి, అంతే.

మంట దగ్గర ఉండేది ముని. నోరు విప్పడు కాబట్టి ముని. పొద్దున రంగు కళ్ళద్దాలు పెట్టుకున్నాడంటే సాయంత్రం తీసేదాకా ఆ నోట్లోంచి వచ్చేవి ఆ రెండు మాటలే. ఇన్నేళ్ళలో నాతో మాట్లాడింది కూడా దాదాపు అంతే.

నెలాఖరుకి వెళ్ళిపోతున్నాడు. దూరంగా ఏదో కాలేజీలో గాజు గది ఉందట, దానికి ఒక మనిషి కావాలట. ఒక్కడే చూసుకోవాలి. హాయిగా ఉంటుంది, మాట్లాడే పనే ఉండదు. వెళ్ళేలోపు ఒక లేబొరేటరీ వాళ్ళడిగిన మనిషంత ఎత్తు గాజు స్తంభం ఒకటి చేసిచ్చి వెళ్తాడు. అదే ఇక్కడ ఆఖరి పని.

దానికి ఊదేది నేనే. నాకు కావలసింది అంతే. మనిషి సంగతి నాకెందుకు? అలాంటి పని మళ్ళీ రాదు, అందుకని.

బుధవారం

కింది పెదవి కుడి చివర ఇంకా మొద్దుగానే ఉంది. పెన్సిల్ పెట్టి చూశాను. పెట్టినట్టు తెలియలేదు. గొట్టం పెట్టినా తెలియకపోతే?

గురువారం

ముని వచ్చాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ. గుమ్మం బయట చెప్పులు విప్పి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు అక్కడే నిలబడ్డాడు. చేతిలో సంచి. సంచిలో యాపిల్ పళ్ళు. దవడ రెండు పక్కలా కోయించుకున్నదానికి యాపిల్ పళ్ళు!

అక్క కుర్చీ వేసింది. "ఏం బాబూ, మా చెల్లెలు లేక మీ చెవులు హాయిగా ఉన్నాయా?"

"అవునండీ. నిశ్శబ్దంగా ఉంది."

అక్క పకపకా నవ్వింది. ముని ఎందుకు నవ్విందో తెలియనట్టు చూశాడు. అబద్ధమాడటం రాదు ఆ మనిషికి. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్తాడు, అవతలివాళ్ళు ఏమైపోయినా సరే.

నా నోరు వేలెడు కంటే తెరుచుకోవడం లేదు. పళ్ళ సందులోంచే అడిగాను. "పనెలా ఉంది?"

"బాగానే ఉంది."

"వాడు ఎలా ఊదుతున్నాడు?"

"మొదటిరోజు రెండు పగిలాయి. ఇప్పుడు బాగానే వస్తున్నాయి."

బాగానే వస్తున్నాయి!

"స్తంభానికి నేను వచ్చేస్తాను," అన్నాను.

"తొందరేం లేదు. నోరు తగ్గనీ."

"తొందర లేదంటే? నెలాఖరే కదా నువ్వు వెళ్ళేది?"

"వాడున్నాడుగా."

అప్పుడు నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. వాపు కాబట్టి ఏమీ కనపడి ఉండదు. ముని కిందికి చూస్తూ కూర్చుని, కూర్చుని, లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"అయితే సరే," అని వెళ్ళిపోయాడు. నొప్పి లేదంటే నమ్మేయడమేనా? ఇంకోసారి అడగకూడదా?

అక్క ఒక పండు ఉడకబెట్టి చిదిమి ఇచ్చింది. తీసుకెళ్ళి పారేయమన్నాను. పారేయబోతే గిన్నె లాక్కుని తిన్నాను. అక్క ఏమీ అనలేదు. అనకుండా ఉండటం దానికి బాగా వచ్చు, అవసరమైనప్పుడు.

శుక్రవారం

వెళ్ళాను.

ముందు ఇది రాయాలి. మేము ఊదే గాలి ఎంత? మొహం ముందు ఈక పట్టుకుంటే అది కూడా వణకదు. బుగ్గలు పొంగవు, గొంతు బిగియదు. డాక్టరమ్మకి పుట్టినరోజు బెలూన్లు ఊదడం తెలుసు. గాజు ఊదడం ఆవిడ ఏనాడైనా చూసిందా? ఆవిడ చెప్పిన ఊదడం వేరు, నాది వేరు. నేను ఆలోచించే వెళ్ళాను. కోపంతో కాదు.

అక్క బజారుకెళ్ళింది. మెడ చుట్టూ, చెంపల చుట్టూ చున్నీ చుట్టుకుని బయల్దేరాను. పెద్దాయన గ్యాస్ సిలిండర్ల కోసం వెళ్ళాడట, లేడు. అదీ మంచిదే అయింది.

బెలూన్ నా స్టూలు మీదే ఉన్నాడు. "అక్కా! మొహమేంటి, మాస్కు పెట్టుకున్నట్టుంది?"

"లే."

"రెండు వారాలు రావన్నారుగా, డాక్టరు..."

"లేవరా."

లేచాడు. ముని కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు. "ఇంటికి వెళ్ళు."

"ఒక్కటి. చిన్నది."

"వద్దు."

"వాడు బాగానే ఊదుతున్నాడన్నావుగా. నేనెలా ఊదుతానో మర్చిపోయావేమో, గుర్తుచేద్దామని వచ్చాను."

బర్నర్ బుసలు కొడుతూనే ఉంది. ముని కళ్ళద్దాలు పెట్టుకుని, చిన్న ఫ్లాస్కుకి సరిపోయే గాజు గొట్టం ఒకటి తీసి మంటలో పెట్టాడు.

కూర్చున్నాను. రబ్బరు గొట్టం పెదవుల మధ్య పెట్టుకున్నాను. కుడి చివర తెలియలేదు, ఎడమ తెలిసింది, చాలు. మంట పసుపు నుంచి నీలానికి తిరిగింది. గాజు ముందు ఎర్రబడింది, తర్వాత బరువెక్కినట్టు వంగబోయింది, ముని వేళ్ళు దాన్ని వంగనివ్వకుండా తిప్పుతున్నాయి. అతని కుడి మణికట్టు మీద పాత కాలిన మచ్చ ఒకటుంది, చింతగింజంత. అది కూడా గాజుతో పాటు తిరుగుతూ, కనపడుతూ మాయమవుతూ ఉంటుంది. ఎదురుగా కూర్చున్నప్పుడు ఎక్కడో ఒకచోట చూడాలి కాబట్టి నేను దాన్ని చూస్తాను.

"ఊదు."

ఆ మాట విని ఎన్నాళ్ళయినట్టుందో. జావకి, పాలకి, ఐస్ ముక్కలకి తీరని ఆకలేదో దానికి తీరింది. గాజు గుండ్రంగా, నెమ్మదిగా, ఒక్క వంకర లేకుండా పొంగింది.

"చాలు."

ఆపాను. బెలూన్ కూడా "అబ్బ" అన్నాడు. వాడు అన్నాడని కాదు, నిజంగానే బాగా వచ్చింది.

నోట్లో ఇనుము రుచి తగిలింది. మింగేశాను. ఎవరికీ చెప్పలేదు. ఇంత దానికే ఏమవుతుంది?

శనివారం

నొప్పి లేదు. వాపు కూడా తగ్గింది. అన్నీ బెదిరింపులే.

ఆదివారం

కుడి చెవిలో పోటు. నిన్న కిటికీ దగ్గర కూర్చున్నాను కదా, చలిగాలి తగిలి ఉంటుంది.

ఆదివారం, సాయంత్రం

చలిగాలి కాదు.

సోమవారం

కుట్లు విప్పించుకోవడానికి ఎలాగూ వెళ్ళాల్సిందే. ఆటోలో కుదుపు వచ్చినప్పుడల్లా దవడలోంచి చెవిలోకి, చెవిలోంచి కంటి వెనక్కి ఎవరో కాల్చిన తీగ దూరుస్తున్నట్టుంది. బావ డ్రైవర్‌ని నెమ్మదిగా పోనిమ్మని అడుగుతూనే ఉన్నాడు. "ఇంతకన్నా నెమ్మదంటే దిగి తొయ్యాలండీ," అన్నాడు డ్రైవర్.

డాక్టరమ్మ అద్దం నోట్లో పెట్టగానే మొహం చిట్లించింది. వాసన వచ్చి ఉంటుంది. నాకే వస్తోంది.

"ఊదావా?"

"తుమ్మాను."

"ఎప్పుడే?" అన్నాడు బావ. "మేము విననే లేదు!"

ఇతన్ని తోడు తెచ్చుకోవడం నాది బుద్ధితక్కువ.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. గుంట కడిగింది. లవంగం వాసనొచ్చే మందులో తడిపిన సన్నటి బట్టముక్క లోపల కూరింది. నిమిషాల మీద నొప్పి దిగింది. ఇంతటి నొప్పిని ఇంత చిన్న గుడ్డపీలిక దించేస్తే ఆవిడ మీద కోపం ఎలా నిలబెట్టుకోను?

"ఎముక కనపడుతోందమ్మా. గడ్డ మొత్తం పోయింది. రోజు విడిచి రోజు వచ్చి కట్టు మార్పించుకో. తగ్గుతుంది, భయం లేదు. కానీ రెండు వారాల లెక్క మళ్ళీ ఇవాళ్టి నుంచి."

ఇవాళ్టి నుంచి.

అంటే స్తంభం అయిపోయాక. అంటే అతను వెళ్ళిపోయాక.

కళ్ళలో నీళ్ళు చూసి "ఇంకా నొప్పిగా ఉందా?" అని అడిగింది. మందు ఘాటు అన్నాను.

మంగళవారం

ఆవిడ చెప్పినట్టు ఇంట్లో పడుంటే వచ్చే సోమవారానికి వెళ్ళేదాన్ని. స్తంభం గురువారానికల్లా అయిపోవాలి. సరిగ్గా సరిపోయేది. ఒక్క ఫ్లాస్కు కోసం పోగొట్టుకున్నాను. ఆ ఫ్లాస్కు కూడా ఎవరికో అమ్మేసి ఉంటారు.

బుధవారం

బావ ఇంట్లో ఫ్రిజ్ బాగుచేశాడు. ఎందుకిప్పుడు అని అక్క అడిగితే "తోచలేదు" అన్నాడట.

శుక్రవారం

ఇవాళ నొప్పి పొద్దున కొంచెం, మధ్యాహ్నం కొంచెం. మధ్యలో మాత్రం ఏమీ లేదు. ఏమీ లేనప్పుడే కష్టంగా ఉంది.

నాకు ఏం గుర్తొస్తోందంటే, పొద్దున మొదటి మంట వెలిగించినప్పుడు వచ్చే చప్పుడు. గాజు పొడి తగిలి వేళ్ళ కొసలు గరగరలాడటం. గొట్టానికి నా పంటి గాట్లు. ఆ గాట్లు చూసి అది నాదని గుర్తుపట్టి, రోజూ నేను రాకముందే ముని దాన్ని కడిగి స్టూలు మీద పెట్టి ఉంచేవాడు. ఇప్పుడు బెలూన్‌కి ఏ గొట్టం ఇస్తున్నాడో. నాది ఇవ్వకపోతే చాలు. ఇచ్చినా నాకేం. రబ్బరు గొట్టమేగా.

ఫోన్ వచ్చింది. ముని.

"బెలూన్ చెప్పాడు," అన్నాడు.

"ఏం చెప్పాడు?"

"నీకు మళ్ళీ..." ఆగిపోయాడు. "ఆ రోజు నేను మంట ఆపాల్సింది."

"నన్ను ఆపడానికి నువ్వెవరివి?"

పెట్టేశాడు. పెట్టేసింది నేనేనా? గుర్తులేదు.

ముని నాకు ఫోన్ చేయడం ఇదే మొదలు. ఇది కూడా పెట్టేశాకే తట్టింది.

ఆదివారం

ఫోన్ దిండు పక్కనే పెట్టుకున్నాను. టైము చూసుకోవడానికి.

గురువారం

పొద్దున బెలూన్ వచ్చాడు. "అక్కా, ముని రమ్మంటున్నాడు."

"ఊదడానికి నాకు నోరు లేదని చెప్పు."

"ఊదడానికి నేనున్నాగా. చెప్పడానికి రమ్మన్నాడు."

"చెప్పడమేంటి?"

"నాకేం తెలుసు? నిన్నటి నుంచి మూడుసార్లు అతికాం, మూడుసార్లు పోయింది. మామయ్య నన్ను తినేస్తున్నాడు. రా అక్కా, దండం పెడతాను."

వీడిది పోయిందంటే నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా, వీధి చివరి దాకా. అక్కడి నుంచి ముని మొహం గుర్తొచ్చింది.

స్తంభమంటే గొట్టంలో గొట్టం. లోపలిదాన్ని బయటిదానికి చుట్టూ అతకాలి. అతుకు మెత్తబడిన క్షణంలో గాలి వెళ్ళాలి. ముందు వెళితే చిల్లిపడుతుంది, ఆలస్యమైతే కుంగుతుంది. ఇంత పెద్దదాన్ని మోస్తూ తిప్పేవాడు అతుకు మీదే కన్ను ఉంచలేడు. చేతులు రెండూ గాజు మీదే ఉండాలి.

"నువ్వు అతుకు చూడు," అన్నాడు ముని, తన రెండో జత కళ్ళద్దాలు ఇస్తూ. "చూసి వాడికి చెప్పు."

అతని భుజం పక్కన నిలబడ్డాను. ఇన్నేళ్ళూ ఎదురుగా కూర్చున్నదాన్ని, ఇటువైపు ఎప్పుడూ నిలబడలేదు. ఆ కళ్ళద్దాల్లోంచి చూస్తే మంటలో పసుపంతా పోతుంది, గాజు ఒక్కటే మిగులుతుంది. దాని వెనక, తిన్నగా, నా స్టూలు. స్టూలు మీద భయంతో బిగుసుకుపోయిన బెలూన్.

"ఊదు," అన్నాను. నోరు రెండు వేళ్ళకి మించి తెరుచుకోలేదు కానీ మాట వెళ్ళింది. గాలి మాత్రం వెంటనే రాలేదు. నా మాట వాడి చెవిలో పడి, అక్కడి నుంచి బుర్రకెక్కి, బుగ్గల్లోకి దిగేసరికి గాజు కుంగబోయింది. ముని వేళ్ళు దాన్ని ఎలాగో నిలబెట్టాయి. రెండోసారి నేను ముందే అన్నాను, గాజు అడగకముందే. సరిగ్గా అందింది. "చాలు" కూడా ముందే అన్నాను. అలా చుట్టూ, పిసరు పిసరుగా. మధ్యలో ఎవరూ ఊపిరి తీసుకున్నట్టు లేదు, తీసుకోవాల్సిన వాడు తప్ప.

అతుక్కుంది.

పెద్దాయన గట్టిగా "హమ్మయ్య" అన్నాడు. స్తంభాన్ని చల్లార్చే పొయ్యిలోకి ఎక్కించి, బెలూన్ భుజం తట్టి, వాడిని తీసుకుని టీ తేవడానికి వెళ్ళాడు. నేను, ముని మిగిలాం. బర్నర్ ఆపేసరికి గది ఒక్కసారిగా పెద్దదైనట్టనిపించింది.

"వాడికి ముందే చెప్పాల్సి వస్తోంది," అన్నాను. "నాకెప్పుడూ అలా ముందు చెప్పేవాడివి కాదు."

"అవసరం రాలేదు."

"అంటే?"

"నేను చెప్పేసరికి నువ్వు ఊదడం మొదలుపెట్టే ఉంటావు. ఎప్పుడూ అంతే."

ఆలోచించాను. నిజమే. గాజు వంగబోయేటప్పుడే నా నాలుక వెనక గాలి కదిలేది. అతని మాట ఆ తర్వాతే వినపడేది. ఇన్నేళ్ళూ ఆ మాట విని ఊదుతున్నాననే అనుకున్నాను.

"మరి పొద్దున్నించి సాయంత్రం దాకా ఊదు, ఊదు అని ఎందుకు చెప్పేవాడివి?"

ముని కళ్ళద్దాలు తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు.

"నీతో ఇంకేం మాట్లాడాలో తెలియక," అన్నాడు.

అప్పుడే బెలూన్ టీ తెచ్చాడు. ఒక గ్లాసు నా చేతిలో పెట్టాడు. ముని నన్నే చూస్తున్నాడు.

"వేడిగా ఉంది," అన్నాను. "నేను వేడివి తాగకూడదు."

అంతే అన్నాను. దారినపోయే వాళ్ళని కూడా పట్టుకుని కడిగేసే నా నోరు, ఆ ఒక్క క్షణాన టీ గురించి మాట్లాడింది.

శనివారం

ముని వెళ్ళాడు. బస్టాండుకి రమ్మని బెలూన్ వచ్చాడు. కట్టు మార్పించుకోవాలి, కుదరదని చెప్పి పంపాను.

ఆఖరి కట్టు మొన్న బుధవారమే తీసేశారు.

మంగళవారం

డాక్టరమ్మ అద్దం పెట్టి, గీరి, నొక్కి చూసింది. గుంట అడుగు నుంచి పూడుకుంటూ వస్తోందట. మెత్తటివన్నీ మానేసి మామూలుగా తినమంది. ఇంక ఊదుకోవచ్చంది.

"ఇన్నాళ్ళూ ఊదాలని అంత గొడవ చేశావు, ఇప్పుడు సంతోషమేనా?" అని అడిగింది.

సంతోషమే అన్నాను. పెదవికి కూడా తెలివి వచ్చింది. చివరి దాకా వచ్చింది. ఇప్పుడు దేన్ని తాకినా తెలుస్తోంది.

బుధవారం

పనికి వెళ్ళాను. స్టూలు మీద నా గొట్టం లేదు. ఎక్కడుందని అడిగితే బెలూన్ నీళ్ళు నమిలాడు.

"ముని సంచిలో చూశాను అక్కా. పొరపాటున వెళ్ళిందేమో."

పొరపాటున.

ఇప్పుడు మంట దగ్గర బెలూన్. వాడి చేతులు నోటికన్నా నయం, అది ఒప్పుకోవాలి. కొత్త గొట్టం పెట్టుకుని కూర్చున్నాను. రబ్బరు రుచి కొత్తగా, చేదుగా ఉంది. గాజు ఎర్రబడింది. వంగబోయింది.

"ఊదు," అన్నాడు.

గొట్టం నోట్లోంచి తీసేశాను. గాజు కుంగి పాడైపోయింది.

"ఏమైందక్కా? నొప్పా?"

"ఆ మాట నాకు చెప్పకు," అన్నాను. "చెప్పక్కర్లేదు. నాకు తెలుసు ఎప్పుడు ఊదాలో."

వాడు భయపడి తలూపాడు. తర్వాతవన్నీ మాటా పలుకూ లేకుండా చేశాం. అన్నీ బాగానే వచ్చాయి.

బాగానే వచ్చాయి.

గురువారం

అక్క పక్కన కూర్చుని అడిగింది. "రమ్మన్నాడా?"

"లేదు."

"ఉండిపొమ్మన్నాడా?"

"ఏమీ అనలేదు."

"మరి నువ్వేమన్నావే?"

"టీ వేడిగా ఉందన్నాను."

అక్క నన్ను చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. లోపలికి వెళ్ళి బావ ప్రయాణాల సంచి దులిపి నా మంచం మీద పడేసింది.

శుక్రవారం

పొద్దున బస్సు ఉందట, కాలేజీ ముందే ఆగుతుందట. కనుక్కున్నాను.

సాయంత్రం పెద్దాయన దగ్గరికి వెళ్ళి రేపటి నుంచి సెలవు కావాలన్నాను.

"మళ్ళీనా? ఇన్నాళ్ళూ ఇంట్లోనే ఉన్నావుగా అమ్మాయ్, ఇప్పుడేమొచ్చింది?"

"పళ్ళ పని," అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "ఇంకా తీయించుకోవాల్సినవి ఏం మిగిలాయే నీ నోట్లో?"

"చాలా ఉన్నాయి," అన్నాను.